వెల్బాజ్ద్‌లో గెలుపు తారుమారైతే?

1330 జూలై 28న వెల్బాజ్ద్ దగ్గర బల్గేరియా సైన్యంలో చాలామంది విడిదిలో లేరు. గుర్రాలకు మేత, తమకు తిండి వెతుక్కుంటూ చుట్టుపక్కల పల్లెల మీద పడ్డారు. ఎదురుగా దండు దిగి ఉన్న సెర్బియా రాజు స్తెఫాన్ దెచాన్స్కి అదను చూసి విరుచుకుపడ్డాడు. బల్గేరియా చక్రవర్తి మిహైల్ షిష్మాన్ చెదిరిన సేనను కూడదీసుకోలేకపోయాడు. పారిపోతుండగా గుర్రం మీంచి పడి శత్రువుల చేతికి చిక్కాడని, ఆ గాయాలతోనే ప్రాణం విడిచాడని ఒక కథనం. అక్కడికక్కడే చంపేశారని మరో కథనం. ఏది నిజమైనా, పొద్దుగూకేసరికి బల్గేరియాకు చక్రవర్తి లేడు.

ఆ సైనికులు ఆ రోజు విడిది దాటకుండా ఉంటే ఏమయ్యేది?

బాల్కన్ చరిత్రతో పరిచయం ఉన్నవాళ్లు ఈ ప్రశ్న దగ్గర ఒకసారి ఆగకుండా ఉండరు. సాధారణంగా వినిపించే జవాబు గొలుసులా సాగుతుంది. బల్గేరియా గెలిచేది. సెర్బియా అణిగిపోయేది. దెచాన్స్కి కొడుకు దుషాన్ సామ్రాజ్యం పుట్టేది కాదు. బల్గేరియా నాయకత్వంలో బలమైన స్లావ్ రాజ్యం నిలిచేది. ఒట్టోమన్లు ఐరోపాలో కాలు మోపలేకపోయేవారు. వినడానికి బాగుంది. అయితే అత్తకు మీసాలుంటే మామయ్యా అనేవాళ్లమన్న సామెత మనకు ఉండనే ఉంది. అందుకని ఈ వ్యాసంలో ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. జరగడానికి నిజంగా వీలున్న ఒక్క మార్పునే ఊహించాలి. దాని తరువాతి ప్రతి మెట్టుకూ, ఆ మనుషులు అలాంటి పరిస్థితుల్లో నిజంగా ఏం చేశారో చూపగలగాలి. చూపలేని చోట ఆగిపోవాలి.

సాక్షులు ఎవరు?

ముందు తేల్చుకోవలసింది ఇదే. ఈ యుద్ధం గురించి మనకు చెబుతున్నవాళ్లలో ఇద్దరు ముఖ్యులు బైజాంటైన్లు. ఒకరు పండితుడు నికెఫోరోస్ గ్రెగోరస్. రెండోవాడు జాన్ కాంతకూజినోస్. ఇతను అప్పటి చక్రవర్తి మూడో ఆంద్రోనికోస్‌కు కుడిభుజం, తరువాత తనే చక్రవర్తి అయ్యాడు, చివరకు గద్దె దిగి సన్యాసి వేషంలో తన జ్ఞాపకాలు రాసుకున్నాడు. సెర్బియా పక్షాన ఆర్చిబిషప్ రెండో దనీలో మొదలుపెట్టిన రాజుల జీవితగాథలను కొనసాగించిన శిష్యుడున్నాడు. దుషాన్ పేరున వెలువడిన ఒక పత్రం కూడా ఉంది. అందులో తన తండ్రి మీదికి ఏడుగురు రాజులు దండెత్తి వచ్చారని రాసుకున్నారు. ఆ జాబితాలో గ్రీకు చక్రవర్తితో పాటు వాలాకియా పాలకుడు బసరాబ్, తాతారులు కూడా కనిపిస్తారు. గెలిచినవాడు పగవాళ్ల సంఖ్య పెంచి చెప్పుకోవడం ఏ దేశంలోనైనా ఉన్నదే.

ఓడినవాళ్ల తరఫున ఆనాటి కథనం మనదాకా రాలేదు. వింతేమిటంటే, దెచాన్స్కి జీవితాన్ని అందరికంటే భక్తిగా రాసినవాడు బల్గేరియా రాజధాని తార్నోవోవాడే. అతని పేరు గ్రిగోరీ త్సాంబ్లాక్. పదిహేనో శతాబ్దం తొలినాళ్లలో దెచాని మఠానికి పెద్దగా ఉంటూ, ఆ మఠం కట్టించిన రాజును పరిశుద్ధుడిగా చిత్రించాడు. యుద్ధం జరిగి డెబ్బై ఏళ్లు దాటాక, తన సొంత దేశపు చక్రవర్తిని చంపిన రాజును అలా కీర్తించాడు. జాతి పగల గురించి మనం ఇవాళ వేసుకునే లెక్కలు ఆ కాలానికి నేరుగా సరిపోవని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి రుజువు దొరకలేదు.

సంఖ్యల విషయంలో జాగ్రత్త అవసరం. బల్గేరియా పక్షాన 12,000 మంది సొంత సైనికులు, 3,000 మంది కిరాయివాళ్లు అన్నది బైజాంటైన్ లెక్క. సెర్బియా దగ్గర పడమటి ఐరోపా నుంచి తెచ్చుకున్న కవచధారులైన కిరాయి ఆశ్వికులు ఉన్నారన్నది అందరూ ఒప్పుకునే మాట. కాని వాళ్లు వందల్లోనా, వెయ్యి దాకానా అన్నచోట బైజాంటైన్ రచయితలకే పొంతన కుదరదు. యుద్ధానికి ముందు తాత్కాలిక సంధి కుదిరిందా, కుదిరితే మాట తప్పింది ఎవరు అన్నదానిపై ఇప్పటికీ వాదన తెగలేదు. నా మట్టుకు సంధి కథ కంటే మేత కోసం చెదిరిన సైనికుల కథే నమ్మదగినదనిపిస్తుంది. వేల గుర్రాలు ఉన్న దండు ఒకేచోట కొన్ని రోజులు నిలబడితే జరిగేది అదే.

కాబట్టి మొదటి మెట్టు గట్టిదే. వెల్బాజ్ద్ ఫలితం తారుమారయ్యే వీలు నిజంగా ఉంది. సేనలు దాదాపు సమానం, ఓటమికి కారణం ఒక పూట ఏమరుపాటు. చిక్కంతా రెండో మెట్టు నుంచి మొదలవుతుంది.

గెలిచిన మిత్రులు

మిహైల్ ఒంటరిగా రాలేదు. అతను దెచాన్స్కి చెల్లెలు అన్నాను వదిలేసి, మూడో ఆంద్రోనికోస్ చెల్లెలు థియోడొరాను పెళ్లి చేసుకున్నాడు. 1327లో చెర్నోమెన్‌లో బావ, బావమరుదులిద్దరూ సెర్బియాకు వ్యతిరేకంగా ఒప్పందం చేసుకున్నారు. 1330 పథకం ప్రకారం ఆంద్రోనికోస్ దక్షిణం నుంచి, మిహైల్ తూర్పు నుంచి సెర్బియాను నొక్కాలి. ఆంద్రోనికోస్ మాసిడోనియాలో కొన్ని కోటలు పట్టి, అవతలివైపు ఏం జరుగుతుందో చూస్తూ కూర్చున్నాడు. మిహైల్ చనిపోయాడన్న కబురు అందగానే సెర్బియా మాట పక్కనపెట్టి, చచ్చిపోయిన మిత్రుడి రాజ్యంలోనే జొరబడి నల్లసముద్ర తీరపు పట్టణాలు లాక్కున్నాడు. వదిలేసిన మొదటి భార్యను, ఆమె కొడుకును సెర్బియా తార్నోవో గద్దె మీద కూర్చోబెట్టింది కదా, నా చెల్లెలికి జరిగిన అవమానానికి బదులు తీర్చుకుంటున్నాను అన్న సాకు అతనికి దొరికింది.

మిహైల్ కూడా తక్కువేం తినలేదు. ఒప్పందం జరిగిన మరుసటి ఏడే, 1328లో, ఆంద్రోనికోస్‌కూ అతని తాతకూ మధ్య జరిగిన బైజాంటైన్ అంతర్యుద్ధంలో వేలుపెట్టి బావమరిది మీదికి సేనలు నడిపాడు. ఇలాంటి ఇద్దరు కలిసి సెర్బియాను ఓడించి ఉంటే, 1282 నుంచి సెర్బుల చేతిలో ఉన్న స్కోప్యె ఎవరికి దక్కాలి? దానికి ఆధారపూర్వకంగా చెప్పగలిగింది ఒక్కటే, ఇద్దరూ కొట్టుకునేవారని. గెలిచిన బల్గేరియా మాసిడోనియాను ప్రశాంతంగా ఏలుకునేదనడానికి ఏ ఆధారమూ లేదు.

దుషాన్ రాకుండా పోయేవాడా?

ఇక్కడ సంగతి ఇంకా ఆసక్తికరం. వెల్బాజ్ద్‌లో సెర్బియా గెలిచింది. గెలిచిన రాజు ఏమయ్యాడు? పదమూడు, పద్నాలుగు నెలలు తిరక్కుండానే కొడుకు చేతిలో గద్దె పోగొట్టుకున్నాడు. 1331 సెప్టెంబర్ 8న దుషాన్ పట్టాభిషేకం. అదే నవంబర్‌లో దెచాన్స్కి జ్వెచాన్ కోటలో బందీగా చనిపోయాడు. ఇంత గెలిచి కూడా బైజాంటియం మీదికి పోలేదని, భూములు దక్కలేదని ప్రభువర్గాలు విసిగిపోయి దుషాన్ చుట్టూ చేరాయి. గెలిచిన రాజునే అంత తొందరగా దింపిన ప్రభువులు, ఓడిన రాజును ఇంకా తొందరగా దింపి ఉండేవారనుకోవడంలో అతిశయం లేదు. అంటే వెల్బాజ్ద్‌లో ఓటమి దుషాన్‌ను ఆపేది కాదు, ముందే తెచ్చేదేమో. దాదాపు ఇరవై రెండేళ్ల ఆ యువరాజు యుద్ధంలోనే చనిపోయి ఉంటే కథ వేరు. అయితే అది మరో మార్పు. ఒక్క మార్పే అని పెట్టుకున్న కట్టుబాటు దాన్ని ఒప్పుకోదు.

సెర్బియా బలం ఒక రాజు మీద నిలిచింది కూడా కాదు. భూమిలో వెండి ఉంది. పదమూడో శతాబ్దం మధ్యలో సాక్సన్ గనివాళ్లు బ్ర్‌స్కోవోలో తవ్వకాలు మొదలుపెట్టారు. తరువాత రుద్నిక్, త్రెప్చా, నోవో బ్ర్‌దో గనులు వచ్చాయి. అక్కడి వెండితో సెర్బియా రాజులు కొట్టించిన నాణేలు వెనిస్ నాణేలను అచ్చు గుద్దినట్టుండేవి. వెనిస్ ప్రభుత్వం 1282లోనే వాటి మీద ఆంక్షలు పెట్టింది. ఈ వ్యవహారం ఎంత పేరుకెక్కిందంటే, డాంటే తన మహాకావ్యం మూడో భాగంలో చెడ్డ రాజుల వరుసలో వెనిస్ నాణేన్ని పాడుచేసిన రాష్కా రాజును కూడా చేర్చాడు. రాష్కా అంటే సెర్బియాయే. వెల్బాజ్ద్‌లో కవచాలు తొడుక్కుని బల్గేరియన్లను తొక్కిన కిరాయి ఆశ్వికులకు జీతం ఈ వెండి నుంచే వచ్చి ఉండాలి. ఇది నా అనుమానమే, పద్దు పుస్తకం ఏదీ చూపలేను. కాని ఆ గనులు చాలావరకు లోపలి కొండల్లో ఉన్నాయి. సరిహద్దు దగ్గర ఒక్క పోరులో ఓడినంత మాత్రాన అవి చేజారవు. రెండేళ్లలో మరో కిరాయి దళం వచ్చేది.

బల్గేరియా నిజంగా ఎంత పోగొట్టుకుంది?

గొలుసులో ఎక్కువమంది చూడకుండా దాటేసే లంకె ఇది. వెల్బాజ్ద్‌తోనే బల్గేరియా పతనం మొదలైందని అలవాటుగా రాసేస్తారు. జరిగింది చూస్తే, దెచాన్స్కి పెద్దగా భూమి కలుపుకోలేదు. అతను నిలబెట్టిన మేనల్లుడు ఇవాన్ స్తెఫాన్‌ను తార్నోవో ప్రభువులు 1331లోనే తరిమేసి, మిహైల్ మేనల్లుడు ఇవాన్ అలెగ్జాండర్‌ను ఎక్కించారు. ఇతను 1332 జూలై 18న రుసోకాస్త్రో దగ్గర ఆంద్రోనికోస్‌ను ఓడించాడు. పోయిన తీరపు పట్టణాల్లో చాలావరకు తిరిగొచ్చాయి. అదే ఏడు తన చెల్లెలు హెలెనాను దుషాన్‌కిచ్చి పెళ్లి చేశాడు. తరువాత అతను నలభై ఏళ్లు ఏలాడు. అతని కోసం 1356లో రాసి, 366 బొమ్మలతో అలంకరించిన సువార్తల గ్రంథం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. పతనమవుతున్న ఆస్థానం అలాంటి పుస్తకం చేయించలేదని నేననను, కాని 1330లోనే నడుం విరిగిన రాజ్యం చేయగలిగిన పని మాత్రం కాదు.

ఒట్టోమన్ల లంకె

చివరి మెట్టు అన్నింటికంటే బలహీనం. ఒట్టోమన్లు ఐరోపాలోకి వచ్చిన దారిని వెనక్కి నడిచి చూడండి. 1354 మార్చి 2న భూకంపం వచ్చి గల్లిపోలి గోడలు కూలాయి. ఒట్టోమన్ పాలకుడు ఓర్హాన్ కొడుకు సులేమాన్ వెంటనే ఆ ఊరిని ఆక్రమించాడు. అతను అప్పటికే ఆ పరిసరాల్లో ఉండటానికి కారణం కాంతకూజినోస్ పిలుపు. 1341లో మూడో ఆంద్రోనికోస్ చనిపోయి, తొమ్మిదేళ్ల పిల్లవాడు వారసుడయ్యాడు. అధికారం కోసం జరిగిన అంతర్యుద్ధంలో కాంతకూజినోస్ మొదట దుషాన్ అండ కోరాడు. తరువాత తురుష్కుల వైపు తిరిగాడు. 1346లో తన కూతురినే ఓర్హాన్‌కిచ్చాడు. వెల్బాజ్ద్‌లో ఎవరు గెలిచినా ఈ వరుసలో ఏది మారేదో నాకు కనిపించడం లేదు. ఆంద్రోనికోస్ మరణం వెల్బాజ్ద్ మీద ఆధారపడలేదు. భూకంపం అసలే ఆధారపడలేదు. దుషాన్ బలహీనంగా ఉంటే కాంతకూజినోస్ తురుష్కుల దగ్గరికి ఇంకా ముందే పోయి ఉండేవాడన్న వాదనకు కూడా చోటుంది.

కలిసి పోరాడితే ఆపగలిగేవారా అన్న ప్రశ్నకు ఊహ అక్కర్లేదు, పరీక్ష జరిగింది. దుషాన్, ఇవాన్ అలెగ్జాండర్ బావ, బావమరుదులు. 1332 తరువాత వాళ్ల మధ్య పెద్ద యుద్ధం లేదు. రెండు రాజ్యాల మధ్య అంతకంటే మంచి కాలం రాదు. 1352లో బైజాంటైన్ వారసుడికి అండగా ఇద్దరూ పంపిన సేనలను దిదిమోతిఖో దగ్గర సులేమాన్ ఓడించాడు. అంతకు ముందు ఏడాది తురుష్కులను జలసంధి దగ్గరే ఆపేందుకు ఓడలు కడదాం, ఖర్చు పంచుకోండని తాను ఇవాన్ అలెగ్జాండర్‌ను అడిగానని, అతను కాదన్నాడని కాంతకూజినోస్ రాశాడు. ఈ మాటను ఉన్నదున్నట్టు నమ్మలేం. తురుష్కులను తెచ్చిన నింద మోస్తున్న మనిషి రాసుకున్న మాట అది. అయినా ఓడలు కట్టలేదన్నది మాత్రం నిజం.

దుషాన్ 1346లో స్కోప్యెలో చక్రవర్తిగా పట్టం కట్టుకున్నాడు, 1355 డిసెంబర్ 20న చనిపోయాడు. పదహారేళ్లకే ఆ సామ్రాజ్యం ముక్కలైంది. 1371లో మారిత్సా ఒడ్డున సెర్బియా ప్రభువులు వుకాషిన్, ఉగ్ల్యెషా ఒట్టోమన్ల చేతిలో చనిపోతే బల్గేరియా కదలలేదు. అప్పటికి బల్గేరియా కూడా తార్నోవో, విదిన్‌లుగా చీలి ఉంది. దాన్ని చీల్చింది వెల్బాజ్ద్ కాదు, ఇవాన్ అలెగ్జాండర్ ఇద్దరు కొడుకుల మధ్య పంపకం.

అందుచేత నా తీర్పు ఇది. వెల్బాజ్ద్ ఫలితం మారితే మాసిడోనియాలో కొన్ని కోటల మీద జెండాలు కొన్నేళ్లు మారేవి, దుషాన్ చక్రవర్తి బిరుదు ఆలస్యమయ్యేదో, తప్పిపోయేదో. ఇంతవరకు ఆధారాలు తోడొస్తాయి. ఒట్టోమన్లు ఆగేవారన్నదానికి తోడురావు. ఆ ప్రశ్నకు జవాబు వెతకాలనుకునేవాళ్లు 1330 జూలై 28ని వదిలి, 1341 జూన్ 15న, అంటే ఆంద్రోనికోస్ కన్నుమూసిన రోజున, మొదలుపెట్టడం మంచిది.

వెల్బాజ్ద్ పేరు ఇప్పుడు పటంలో లేదు. ఆ ఊరు క్యుస్తెందిల్, బల్గేరియాలో ఉంది. దానికా పేరు ఒట్టోమన్ల సామంతుడిగా ఆ ప్రాంతాన్ని ఏలిన కాన్‌స్టాంటిన్ ద్రగాష్ వల్ల వచ్చింది. మిహైల్ షిష్మాన్‌ను పాతిపెట్టారని చెప్పే స్తారో నగోరిచానె చర్చి ఉత్తర మాసిడోనియాలో, కుమానోవో దగ్గర ఉంది.