అల్ట్రాసౌండ్ టెక్నీషియన్ చదువు: ప్రోబ్ చేతికి వచ్చేదెప్పుడు?

ప్లస్ టూ, పీయూసీ అయిన పిల్లలున్న మన ఇళ్లలో ఈమధ్య 'స్కానింగ్ కోర్సు' మాట తరచుగా వినిపిస్తోంది. కర్ణాటకలో రాజీవ్‌గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కింద బీఎస్సీ మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ, తమిళనాడులో ఎంజీఆర్ వైద్య విశ్వవిద్యాలయం కింద బీఎస్సీ రేడియోగ్రఫీ అండ్ ఇమేజింగ్ టెక్నాలజీ ఉన్నాయి. ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్‌ఐతో పాటు అల్ట్రాసౌండ్ కూడా వీటిలో భాగమే. కానీ దాని తీరు వేరు. సీటీలో రోగిని సరిగా పడుకోబెట్టి సెట్టింగులు సరిచూస్తే బొమ్మ యంత్రమే తీస్తుంది. అల్ట్రాసౌండ్‌లో బొమ్మ తీసేది చెయ్యి.

అందుకే శిక్షణ ముందు చూడటంతో మొదలై, తోటి విద్యార్థి పొట్ట మీద గానీ శరీరాన్ని పోలిన నమూనా మీద గానీ ప్రోబ్ పట్టడానికి వస్తుంది. పొట్టకు 2 నుంచి 5 మెగాహెర్ట్జ్ వంపు ప్రోబ్, థైరాయిడ్ లాంటి పైపై భాగాలకు అంతకన్నా ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న లీనియర్ ప్రోబ్ వాడతారు. ఫ్రీక్వెన్సీ పెరిగితే స్పష్టత పెరుగుతుంది, లోతు తగ్గుతుంది. ఇంతవరకు పుస్తకం చెబుతుంది. కుడి కిడ్నీని కాలేయం మీదుగా సులభంగా చూడవచ్చని, ఎడమ కిడ్నీకి పేగుల్లోని గ్యాస్ అడ్డొస్తుందని చేతికి తెలియాలంటే మాత్రం ఎంతోమందిని చూడాలి. పొద్దున్నే ఇడ్లీ తిని వచ్చినవారి పిత్తాశయం ముడుచుకుపోయి ఉంటుంది. ఖాళీ కడుపుతో వచ్చినా పని అయిపోదు. రోగిని ఎడమ పక్కకు తిప్పినప్పుడు లోపల కనబడిన ముద్ద కదిలి, దాని వెనక నీడ పడితే అది రాయి కావచ్చు. కదలకపోతే డాక్టరు వేరే దారిలో ఆలోచిస్తారు. తిప్పి చూడాలని తోచడమే శిక్షణ.

ఇక చాలామంది తల్లిదండ్రులకు తెలియని సంగతి ఒకటుంది. అమెరికాలో ఉన్న బంధువులు 'సోనోగ్రాఫర్' ఉద్యోగం గురించి చెబుతుంటారు. అక్కడ సోనోగ్రాఫరే స్కాన్ చేస్తారు, డాక్టరు ఆ బొమ్మలు చూసి రిపోర్టు ఇస్తారు. మన దేశంలో 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కారణంగా గర్భిణి స్కాన్ అర్హత ఉన్న డాక్టర్ల పని. ఎంబీబీఎస్ చదివినవారికి కూడా 2014 నిబంధనలు 300 గంటల శిక్షణ పెట్టాయి. సెంటరులో సాంకేతిక పని చేసే ఉద్యోగి చట్టాన్ని అతిక్రమిస్తే, మొదటి తప్పుకే 3 ఏళ్ల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. 'డాక్టరు చెప్పారు, చేశాను' అన్న మాట అక్కడ ఆదుకుంటుందని అనుకోవద్దు. గర్భిణికి నింపే ఫారం ఎఫ్‌ను విద్యార్థి శ్రద్ధగా నేర్చుకోవాల్సింది ఇందుకే.

ఈ కారణంగా చాలాచోట్ల ప్రోబ్ డాక్టరు చేతిలోనే ఉండి, విద్యార్థి పేర్లు రాయడానికి, జెల్ తుడవడానికి పరిమితమవుతాడు. ఫీజు కట్టేముందు మనం అడగాల్సింది యంత్రాలు ఎన్ని అని కాదు. పక్కన నిలబడి చూసే డాక్టరు ఎవరు, వారానికి ఎన్ని గంటలు విద్యార్థి చేతికి ప్రోబ్ ఇస్తారు, చేసిన స్కాన్‌లు లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెడతారా అని అడగాలి. కాలేజీ ఆఫీసులో కంటే చివరి ఏడాది పిల్లల దగ్గర దీనికి నిజమైన జవాబు దొరుకుతుంది. 2021 జాతీయ అలైడ్ ఆరోగ్య వృత్తుల చట్టం ప్రకారం హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ డిగ్రీకి కనీసం 3,600 గంటలు ఉండాలి. కొన్ని నెలల సర్టిఫికెట్ కోర్సు దానికి సాటి కాదు.

మన పిల్లలకు ఇక్కడ ఒక మేలుంది. 'ఊపిరి బిగబట్టండి' అని ఇంట్లో అనగలిగిన పిల్ల కోయంబత్తూరులో 'మూచ్చు పిడింగ' అంటుంది, బళ్లారిలో 'ఉసిరు హిడ్కొళ్ళి' అంటుంది. రోగి సరైన క్షణంలో ఊపిరి ఆపితేనే కాలేయం పక్కటెముకల కిందికి దిగి బాగా కనబడుతుంది.