వైన్స్‌ల గుండె మందు దొరకదు తమ్మీ

మన తాండూరు దిక్కు మందు దుకాణాన్ని ‘వైన్స్’ అంటరు. బోర్డు మీద పేరు గదే. కని లోపట అమ్ముడువోయేది బీరు, విస్కీ, బ్రాందీ. ద్రాక్షతోని చేసిన అసలు వైన్ అడిగెటోళ్లు శానా తక్కువ. అయినా ‘రోజు జరంత రెడ్ వైన్ తాగితే గుండెకు మంచిదట’ అన్న ముచ్చట వాట్సాప్‌ల తిరుగుతనే ఉన్నది. తిరుగంగ తిరుగంగ అది ‘జరంత మందు మంచిదే’ అయి కూసున్నది. అందుకే గీ ముచ్చట యాడ పుట్టింది, అండ్ల నిజమెంత అన్నది చూద్దాం.

యాడ పుట్టింది?

ఫ్రాన్స్ దేశపోళ్లు వెన్న, జున్ను, మాంసం దండిగ తింటరు. అయినా గుండెజబ్బుతోని సచ్చిపోయెటోళ్లు ఆడ తక్కువని లెక్కలు చెప్పినయి. దీనికి ‘ఫ్రెంచ్ పారడాక్స్’ అని పేరు వెట్టిండ్రు. 1991 నవంబర్‌ల అమెరికా టీవీల ‘60 మినిట్స్’ కార్యక్రమం, దీనికి రెడ్ వైన్ కారణం కావొచ్చని చూపెట్టింది. అటెన్క ఆ దేశంల రెడ్ వైన్ అమ్మకాలు మస్తు పెరిగినయి. 1992ల సెర్జ్ రెనో అనే ఫ్రాన్స్ శాస్త్రవేత్త ‘లాన్సెట్’ పత్రికల గిదే మాట రాసిండు.

అదే 1992ల నెల్లూరు జిల్లా దూబగుంటల మన ఆడోళ్లు సారా దుకాణం మూయించిండ్రు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993ల సారా బందైంది, 1995ల మద్యనిషేధం వచ్చింది. 1997ల దాన్ని ఎత్తేసిండ్రు. ఆడ గ్లాసుల లాభం లెక్కవెడుతుంటే, ఈడ అదే గ్లాసు తెచ్చిన నష్టాన్ని ఇంటిల్లిపాది మోస్తుండ్రు.

అండ్ల ఏమున్నది?

నల్ల ద్రాక్ష తొక్కల ‘రెస్వెరట్రాల్’ అనే పదార్థం ఉంటది. రెడ్ వైన్‌ను తొక్కతోనే పులియవెడతరు కాబట్టి అది వైన్‌లకు దిగుతది. ఎలుకల మీద చేసిన ప్రయోగాలల్ల ఇది మంచిగ పనిచేసినట్టు కనవడ్డది. కని మనుషుల మీద పరీక్షలు చేసేటప్పుడు రోజుకు 500 మిల్లీగ్రాముల దాక గూడ ఇచ్చిండ్రు. వైన్ లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటదని దండిగ లెక్కేసినా, అంత రావాల్నంటే రోజుకు 100 లీటర్లు తాగాలె!

ఇటలీల వైన్‌కు పేరువడ్డ కియాంటి ప్రాంతంల 783 మంది ముసలోళ్లను 9 ఏండ్లు గమనించిండ్రు. ఒంట్ల రెస్వెరట్రాల్ ఎక్కువున్నోళ్లకు గుండెజబ్బు గాని, క్యాన్సర్ గాని, సావు గాని తక్కువ కాలేదని 2014ల తేల్చిండ్రు.

మరి తాగెటోళ్లు బాగున్నరని ఎందుకన్నరు?

మోతాదుల వైన్ తాగెటోళ్లల్ల శానామంది పైసలున్నోళ్లు. మంచి తిండి తింటరు, టైముకు డాక్టర్ దగ్గరికి పోతరు. ఇంకోదిక్కు, ‘తాగనోళ్లు’ అని రాసుకున్నోళ్లల్ల రోగమొచ్చి తాగుడు బంద్ వెట్టినోళ్లు గూడ ఉంటరు. గిసుంటోళ్లను పక్కపక్కన వెడితే తాగెటోళ్లే నయమనిపిస్తది. 2023ల 107 అధ్యయనాలను, దగ్గర దగ్గర 48 లక్షల మంది లెక్కలను గిట్ల సరిజేసి చూస్తే, కొంచెం తాగుడుతోని ఆయుష్షు పెరిగిన ఆనవాలు దొరకలేదు.

ఆల్కహాల్‌తోని మంచి కొలెస్ట్రాల్ జరంత పెరుగుతది, నిజమే. కని బీపీ గూడ పెరుగుతది. క్యాన్సర్ తెచ్చే వాటిల్ల మద్యాన్ని మొదటి వరుసల వెట్టి 1988కే చెప్పిండ్రు. ‘ఇంత తాగితే ఏం కాదు’ అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిల తేల్చి చెప్పింది.

మోతాదంటే ఎంత?

వైన్ లెక్కల మోతాదంటే 150 మిల్లీలీటర్ల గ్లాసు. అండ్ల ఆల్కహాల్ సుమారు 14 గ్రాములు. 8 శాతం ఉన్న పెద్ద స్ట్రాంగ్ బీరు ఒక్కటి తాగితే 41 గ్రాములు, అంటే మూడు గ్లాసుల వైన్. విస్కీ క్వార్టర్‌ల 60 గ్రాములు, అంటే నాలుగు గ్లాసులకు పైనే. నాపరాయి గనిల దినమంతా కష్టం జేసి, ఒళ్లు నొప్పులకని క్వార్టర్ ఎత్తెటోనికి ఆ ఫ్రాన్స్ ముచ్చట ఏ దిక్కుకెళ్లి చూసినా వర్తించదు.

‘వైన్ ఎందుకు, మన కల్లే మందు’ అనెటోళ్లు గూడ ఉన్నరు. చెట్టు మీదికెళ్లి దించిన కల్లు వేరు, మత్తుమందు కలిపిన కల్లు వేరు. 2021 జనవరిల మన వికారాబాద్ దిక్కే కల్తీ కల్లు తాగి వందమందికి పైగా ఆస్పత్రుల పాలైండ్రు.

ఏం చెయ్యాలె?

గుండె కోసమని తాగుడు కొత్తగ మొదలువెట్టొద్దు. రెస్వెరట్రాల్ కావాల్నంటే ద్రాక్ష పండ్లల్ల ఉన్నది, పల్లీల మీది ఎర్ర పొట్టుల గూడ జరంత ఉన్నది. అది మందని కాదు, నష్టం మాత్రం లేదు. 2022ల జీఐ గుర్తింపు వచ్చిన మన తాండూరు కందిపప్పుల మాంసకృత్తులు, పీచు ఉన్నయి. పప్పు, కూరగాయలు తిని, బీడీ బంద్ వెట్టి, బీపీ, షుగర్ చూపించుకుంటే గుండెకు అసలైన ఆసరా.

షుగర్ గోలీలు వేసుకునేటోళ్లు మందు తాగితే షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. ఏండ్ల సంది రోజు తాగెటోళ్లు ఒక్కపారి బంద్ వెడితే వణుకు, ఫిట్స్ రావొచ్చు, ప్రాణం మీదికి గూడ రావొచ్చు. అందుకే డాక్టర్‌ను అడిగి మానుకోవాలె. మానాలనుకునేటోళ్లు 14446కు ఫోన్ చెయ్యొచ్చు, పైసలు వడవు. రేపు ఎవరన్న ఆ వాట్సాప్ మెసేజ్ పంపితే, కింద గీ నంబర్ రాసి తిరిగి పంపుండ్రి.