నీటి మార్పిడి, నీటి ప్రసరణ: 19వ శతాబ్దపు ఇంగ్లండులో అక్వేరియం, పంపు

కీలక పదాలు: అక్వేరియం, గృహశ్రమ, సమతుల్యత, నీటి ప్రసరణ, పంపు.

1. ఉపోద్ఘాతం:

ఇంటి అక్వేరియంలో నీరు మార్చడానికి పంపును ఎంచుకోవడం నేడు చిన్న గృహకృత్యంగా కనిపిస్తుంది. అయితే గాజుతొట్టిలోని నీటిని ఎవరు, ఎందుకు, ఏ సాధనంతో కదిలించాలన్న ప్రశ్న అక్వేరియంతో పాటే పుట్టింది. అక్వేరియం చరిత్రను సాధారణంగా మొక్కలకూ జీవులకూ మధ్య సమతుల్యతను కనుగొన్న కథగా చెబుతారు. ఆ కథనంలో నీటిని కదిలించిన శ్రమకు దక్కిన చోటు స్వల్పం. ఆ శ్రమ చేతుల నుంచి యంత్రానికి మారిన క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. చేతిశ్రమ దశ:

1846లో అన్నా థిన్ ఇంగ్లండు నైరుతి తీరంలోని టార్కీ నుంచి మాడ్రిపోర్ పగడాలను లండన్‌కు తెచ్చింది. సముద్రానికి దూరంగా ఉన్న నగరంలో వాటికి తాజా సముద్రజలం అందించడం కష్టమైంది. ఉన్న నీటినే తెరిచిన కిటికీ ముందు ఒక పాత్ర నుంచి మరొక పాత్రలోకి ధారగా పోయించి, అందులో గాలి కలిసేలా చేసింది. ఆ పని చేసింది ఇంటి పనిమనిషి. ఒక పంపు చేయవలసిన పనిని ఇక్కడ ఒక స్త్రీ చేతులు చేశాయి. పగడాలు బతికాయి, థిన్ పేరు చరిత్రకెక్కింది, పనిమనిషి మాత్రం పనిమనిషిగానే మిగిలింది.

3. సమతుల్యతా భావన:

రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850లో తన ప్రయోగ ఫలితాలను ప్రకటించాడు. తొట్టిలో బంగారు చేపలు, వాలిస్నేరియా మొక్కలు, కుళ్లిన ఆకులను తినే నత్తలు కలిసి ఉంటే నీరు చెడకుండా నిలుస్తుందని చూపాడు. 1853లో లండన్ రీజెంట్స్ పార్కులోని జంతుప్రదర్శనశాలలో మత్స్యశాల తెరుచుకుంది. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన ‘ది అక్వేరియం’ వెలువడింది. 1845లోనే గాజుపై పన్ను రద్దు కావడం కూడా ఈ వ్యాప్తికి తోడ్పడింది. నీరు మార్చనక్కరలేని తొట్టి అన్న ఆదర్శం మధ్యతరగతి ఇళ్లను ఆకర్షించింది. కానీ జీవుల సంఖ్య పెరిగిన చోట మొక్కలపై మాత్రమే ఆధారపడిన సమతుల్యత నిలవలేదు.

4. యంత్ర దశ:

విలియమ్ ఆల్ఫర్డ్ లాయిడ్ ఈ సమస్యకు ప్రసరణలో పరిష్కారం వెదికాడు. 1864లో హాంబర్గ్‌లోనూ, 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లోనూ ఆయన రూపుదిద్దిన అక్వేరియాల్లో ప్రదర్శన తొట్ల కంటే ఎంతో పెద్దదైన చీకటి జలాశయం ఉండేది. పంపులు ఆ నీటిని తొట్లకు ఎక్కించేవి. అది తిరిగి జలాశయానికి చేరేది. నీటిని పారబోయడం కంటే నిరంతరం కదిలించడమే మేలన్నది ఆయన పద్ధతికి పునాది.

5. రెండు పనుల మధ్య భేదం:

నైట్రీకరణ జీవప్రక్రియ అని 1877లో ష్లోజింగ్, ముంట్జ్ నిరూపించారు. దానికి కారణమైన బ్యాక్టీరియాను 1890లో వినోగ్రాడ్‌స్కీ వేరుచేశాడు. ఈ జ్ఞానం వెలుగులో చూస్తే ప్రసరణ సాధించేదీ, సాధించలేనిదీ స్పష్టమవుతాయి. కదిలే నీరు ప్రాణవాయువును అందిస్తుంది. విషపూరితమైన అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియాకు తోడ్పడుతుంది. కానీ పేరుకున్న నైట్రేటును బయటికి పంపదు. కనుక మొక్కలు తక్కువగా, చేపలు ఎక్కువగా ఉన్న తొట్టిలో ప్రసరణ నీటి మార్పిడికి ప్రత్యామ్నాయం కాదు.

6. ముగింపు:

నేటి గృహ అక్వేరియంలో పంపు ఎంపికకు ఈ భేదమే ఆధారం. ప్రసరణ పంపు రాత్రింబవళ్లు నడవాలి; మార్పిడి పంపు కొద్దిసేపు నడిచినా నీటిని కావలసిన ఎత్తుకు ఎక్కించగలగాలి. పంపుపై పేర్కొన్న గరిష్ఠ ఎత్తు వద్ద ప్రవాహం శూన్యమవుతుంది కాబట్టి, అవసరమైన ఎత్తు అంతకంటే బాగా తక్కువగా ఉండాలి. నీరు పల్లానికి పోయే చోట సైఫన్ గొట్టమే చాలు. ఉప్పునీటి తొట్టిలో రాగి, ఇత్తడి భాగాలు నీటికి తగలకూడదు; కరిగిన రాగి పగడాల వంటి అకశేరుక జీవులకు విషం. అక్వేరియం చరిత్రను సమతుల్యతా సిద్ధాంతంతోనే ముగిస్తే ఈ వివరాలు అప్రధానంగా తోస్తాయి. నీటిని మోసిన చేతులతో మొదలుపెడితే, పంపు ఆ చరిత్రలో కేంద్రస్థానానికి వస్తుంది. దానితో పాటు కిటికీ ముందు నిలిచిన పనిమనిషి కూడా.