బడి అందించిన తాడు

2014 మే 24 రాత్రి. ఎవరెస్టుకు ఉత్తరాన, టిబెట్ వైపు, ఎనిమిది వేల మీటర్ల పైన వేసిన చివరి శిబిరం. చీకట్లోనే కొందరు గుడారాల్లోంచి బయటికి వచ్చి వరుస కట్టారు. తలకు కట్టుకున్న లైటు ఎంత మేర చూపిస్తే అంతవరకే దారి. ముఖానికి ఆక్సిజన్ మాస్కు, బూట్ల కింద ఇనుప ముళ్లు, నడుముకు తాడు. ఒక అడుగు వేయడం, ఆగడం, ఊపిరి కూడదీసుకోవడం, మళ్లీ ఇంకో అడుగు. ఆ వరుసలో ఉన్న ఒక అమ్మాయికి పద్నాలుగేళ్లు ఇంకా నిండలేదు.

ఆమె పేరు మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా సిరికొండ మండలంలోని పాకాల ఆమె ఊరు. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో తొమ్మిదో తరగతి విద్యార్థిని. అదే బృందంలో ఇంకో గురుకుల విద్యార్థి కూడా ఉన్నాడు. అప్పటి ఖమ్మం జిల్లా చర్ల మండలానికి చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్. సైకిళ్లు బాగుచేసి ఇల్లు నడిపే తండ్రి కొడుకు.

శిఖరం మీద ఏం జరిగిందో లోకమంతా చదివింది. ఎక్కింది పూర్ణే. ఊపిరి ఆమెదే, కాళ్లు ఆమెవే. కానీ ఆ కాళ్లలో ఎంత సత్తువ ఉందో కనిపెట్టడానికి ముందుగా ఒక బడి పూనుకుంది. ఈ గాథలో నేను చెప్పదలచుకున్నది ఆ బడి సంగతే.

పాకాల నుంచి తాడ్వాయికి

పూర్ణ తల్లి లక్ష్మి, తండ్రి దేవీదాస్. లంబాడా కుటుంబం. ఇద్దరూ పొలం పనులకు వెళ్లేవాళ్లు. అలాంటి ఇంట్లో ఆడపిల్ల చదువు ఎక్కడ ఆగిపోతుందో ఉత్తర తెలంగాణలో ఎవరినీ అడగనక్కర్లేదు. పత్తి ఏరే రోజుల్లో ఒక నెల, ఇంట్లో చిన్నపిల్లను చూసుకోవడానికి ఇంకో నెల బడి మానేస్తుంది. ఆ మానడమే మెల్లగా అలవాటవుతుంది. ఆ తర్వాత పెళ్లి మాటలు మొదలవుతాయి.

ఆ దారికి అడ్డంగా నిలబడింది గురుకులం. పీవీ నరసింహారావు చొరవతో 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాల మొదలైంది. పేద పిల్లలు బడి దగ్గరే ఉండి, బడి దగ్గరే తిని, అక్కడే చదువుకోవాలన్నది ఆ ఆలోచన. దళిత, గిరిజన పిల్లలకు ఆ ఆలోచనను చేరువ చేసినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు ఎస్.ఆర్. శంకరన్. వెట్టిచాకిరి నుంచి మనుషుల్ని విడిపించడానికి పాటుపడిన ఐఏఎస్ అధికారి. సాంఘిక సంక్షేమ గురుకులాలు ఆయన శాఖలో ఉన్న రోజుల్లోనే ప్రాణం పోసుకున్నాయి. 2010 అక్టోబరులో ఆయన కన్నుమూశారు. తాను నాటిన బడుల నుంచి ఒక అమ్మాయి ఎంత ఎత్తుకు వెళ్తుందో చూడలేకపోయారు.

తాడ్వాయి అనగానే మనవైపు చాలామందికి మేడారం జాతర దారి గుర్తొస్తుంది. ఇది ఆ తాడ్వాయి కాదు, కామారెడ్డి దగ్గరి తాడ్వాయి. అప్పటికి అది నిజామాబాద్ జిల్లాలోదే. అన్ని గురుకులాల్లాగే అక్కడా రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. బెల్లు, వ్యాయామం, స్నానాల దగ్గర బకెట్ల వరుస, మెస్సులో టిఫిను, అసెంబ్లీ, తరగతులు, సాయంత్రం ఆటలు, రాత్రి స్టడీ అవర్. క్రమం తప్పని ఆ దినచర్యలో ఒక సంవత్సరం కొత్త పని ఒకటి వచ్చి చేరింది. రాళ్లు ఎక్కడం.

టైంటేబుల్లో ఒక గుట్ట

2012లో సాంఘిక సంక్షేమ గురుకులాల సొసైటీకి కార్యదర్శిగా ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ వచ్చారు. ఐపీఎస్ అధికారి, ఒకప్పుడు కరీంనగర్ ఎస్పీగా పనిచేసినవారు. పాఠాలు, మార్కులతోపాటు గుర్రపు స్వారీ నుంచి పర్వతారోహణ దాకా, డబ్బున్న పిల్లలకే దక్కే పనులన్నీ గురుకులాల పిల్లలకూ అందాలని ఆయన పట్టుబట్టారు. 2007లో ఎవరెస్టు ఎక్కిన బచినేపల్లి శేఖర్ బాబు కొండలెక్కడం నేర్పడానికి ముందుకొచ్చారు.

రాష్ట్రవ్యాప్తంగా వందమందికి పైగా పిల్లల్ని ఎంచి భువనగిరికి తీసుకెళ్లారు. భువనగిరి కోట ఉన్నది మామూలు గుట్ట మీద కాదు. పశ్చిమ చాళుక్యరాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి కాలం నుంచి నిలిచి ఉన్న ఆ కోటకు పునాది ఒకే ఒక్క మహాశిల. కింద నిలబడి తలెత్తితే నున్నటి రాతి గోడ ఆకాశంలోకి పోతున్నట్టు ఉంటుంది. మొదటిసారి దాన్ని చూసినప్పుడు కాళ్లు వణికాయని పూర్ణ తర్వాతి రోజుల్లో చాలాచోట్ల చెప్పింది. నడుముకు తాడు బిగించారు. ఎక్కింది. పైకి చేరాక ఆ భయం పోయిందని కూడా ఆమే చెప్పింది.

అది 2013-14 విద్యా సంవత్సరం. బడుల క్యాలెండరు ఎప్పటిలాగే నిండుగా ఉంది. ఆగస్టు 15 కవాతు, క్వార్టర్లీ పరీక్షలు, బతుకమ్మ, దసరా సెలవులు, హాఫియర్లీ, జనవరి 26, ఆ పైన యాన్యువల్ పరీక్షలు. బయట రాష్ట్రం ఉడికిపోతోంది. 2013 జూలై 30న తెలంగాణ ఏర్పాటుకు కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ ఒప్పుకుంది. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ విభజన బిల్లును ఆమోదించాయి. పెద్దలంతా ఢిల్లీ వైపు చూస్తున్న ఆ నెలల్లో కొందరు పిల్లలు నిశ్శబ్దంగా ఇంకో కొలమానంతో ఎదుగుతున్నారు.

భువనగిరి వడపోతలో ఇరవైమంది మిగిలారు. వాళ్లను డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. 1953లో హిల్లరీతో కలిసి తొలిసారి ఎవరెస్టు ఎక్కిన టెన్జింగ్ నార్గే పాఠాలు చెప్పిన సంస్థ అది. నిజామాబాద్, ఖమ్మం ఎండల్లో పెరిగిన పిల్లలు అక్కడ మంచు మీద నడవడం నేర్చుకున్నారు. పదిహేడు వేల అడుగుల రెనాక్ శిఖరం ఎక్కారు. అక్కడినుంచి తొమ్మిదిమంది లద్దాఖ్ చలికి వెళ్లారు. సున్నాకు ఎంతో దిగువకు పడిపోయే ఉష్ణోగ్రతలో ఒళ్లు ఎలా నిలబడుతుందో, మనసు ఎలా నిలబడుతుందో శిక్షకులు చూశారు. చివరికి ఇద్దరు మిగిలారు. పూర్ణ, ఆనంద్.

మిగతా పిల్లలు ఓడిపోయారని ఎవరూ అనుకోవద్దు. వాళ్లలో ప్రతి ఒక్కరూ తాడు పట్టుకుని రాతిగోడ ఎక్కి దిగినవాళ్లే. ఊరికి వెళ్తే తమ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆ మాట చెప్పినవాళ్లే.

ఏప్రిల్ 18

నేపాల్ ప్రభుత్వం పదహారేళ్ల లోపు వాళ్లకు ఎవరెస్టు ఎక్కడానికి అనుమతి ఇవ్వదు. అందుకే ఈ బృందం టిబెట్ వైపు దారి పట్టింది. చలిగాలి తీవ్రంగా ఉండే దారి అది. 1924లో బ్రిటిష్ పర్వతారోహకులు మాలరీ, ఇర్విన్ శిఖరానికి చేరువగా వెళ్లి మాయమైంది ఆ వైపునే. మాలరీ దేహం 1999లో గాని దొరకలేదు.

యాత్ర మొదలైన తొలి రోజుల్లోనే పిడుగులాంటి వార్త వచ్చింది. 2014 ఏప్రిల్ 18 ఉదయం నేపాల్ వైపు ఖుంబు ఐస్‌ఫాల్ దగ్గర మంచు చరియ విరిగిపడి 16 మంది నేపాలీ పర్వత కార్మికులు చనిపోయారు. తాళ్లు కట్టేవాళ్లు, సామాను మోసేవాళ్లు, దారి వేసేవాళ్లు. ఆ ఏడాది నేపాల్ వైపు యాత్రలు దాదాపుగా నిలిచిపోయాయి.

పాకాలలో ఆ రోజు ఒక తల్లి గుండె ఎట్లా కొట్టుకుందో పిల్లల్ని దూరం పంపిన ఎవరైనా ఊహించగలరు. ప్రమాదం జరిగింది కొండకు అవతలి వైపు. కానీ కొండ ఒకటే. ఇద్దరు పిల్లలూ వెనుదిరగలేదు.

ఏప్రిల్ 30న తెలంగాణ ఓటు వేసింది. మే 16న ఫలితాలు వచ్చాయి. ఆ సమయమంతా పూర్ణ, ఆనంద్ బేస్ క్యాంపుకూ పై శిబిరాలకూ మధ్య ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. పలచని గాలికి ఒళ్లు అలవాటు పడాలంటే అంతకంటే దారి లేదు. పైకి వెళ్లిన ప్రతిసారీ రక్తం కొంచెం మారుతుంది. దిగి సేదతీరితే ఆ మార్పు నిలుస్తుంది. తొందరపడినవాళ్లను ఆ కొండ క్షమించదు. ఇంటి అన్నానికి అలవాటైన పూర్ణకు ప్యాకెట్లలోని ఆహారం వాసనే గిట్టలేదు. అయినా తినాలి. తినకపోతే మరునాడు కాలు లేవదు.

మే 25, ఉదయం

ఎనిమిది వేల మీటర్లు దాటితే గాలిలో ఒంటికి అందే ప్రాణవాయువు నేల మీద అందేదాంట్లో మూడో వంతు. అక్కడ మనిషి ఒళ్లు కోలుకోదు, ఉన్న శక్తి కరిగిపోతూ ఉంటుంది. ఉత్తరపు గట్టు మీద మూడు రాతి మెట్లు వరుసగా ఎదురవుతాయి. రెండోది అన్నిటికంటే కష్టం. అక్కడ చైనా పర్వతారోహకులు 1975లో తొలిసారి ఒక నిచ్చెన బిగించారు.

దారిలో మృతదేహాలు కనిపించాయని, అప్పుడు భయం వేసిందని పూర్ణ తిరిగొచ్చాక విలేకరులకు చెప్పింది. మునుపటి ఏళ్లలో ఎక్కడానికి వచ్చి అక్కడే ఒరిగిపోయినవాళ్లు. మంచులో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతారు. తొమ్మిదో తరగతి పిల్ల వాళ్ల పక్కనుంచి నడిచి ముందుకు వెళ్లింది. ధైర్యం అంటే భయం లేకపోవడం అని చెప్పేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. ఆమెకు భయం వేసింది. ఆమె ఆగలేదు.

ఉదయం ఆరు గంటల వేళ పూర్ణ 8,848 మీటర్ల శిఖరం మీద నిలబడింది. వయసు 13 ఏళ్ల 11 నెలలు. అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల అంతకుముందు ప్రపంచంలో లేదు. 2003లో పదిహేనేళ్ల వయసులో ఎక్కిన నేపాలీ అమ్మాయి మింగ్ కిపా షెర్పా పేరిట ఉన్న రికార్డు దాటిపోయింది. కాసేపటికి ఆనంద్ కూడా చేరుకున్నాడు. 52 రోజుల యాత్ర ఫలించింది.

జాతీయ జెండా ఎగరేశారు. దానితోపాటు రెండు బొమ్మలు కూడా పైకి వెళ్లాయి. ఒకటి అంబేడ్కర్‌ది, ఇంకోటి ఎస్.ఆర్. శంకరన్‌ది. తమను అక్కడిదాకా నడిపించింది ఎవరో ఆ పిల్లలు మరిచిపోలేదు. ఎనిమిది రోజుల తర్వాత, జూన్ 2న, తెలంగాణ రాష్ట్రం పుట్టింది. కొత్త రాష్ట్రం తన పిల్లల గురించి మొదట విన్న గొప్ప కబురు ఇదే.

మన బడులకు ఇదెందుకు

ఇది అక్కడితో ఆగలేదు. పూర్ణ 2016లో కిలిమంజారో, 2017లో ఎల్‌బ్రస్, 2019లో అకొంకాగువా, కార్‌స్టెంజ్, విన్సన్, 2022 జూన్‌లో డెనాలీ ఎక్కింది. ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలూ పూర్తయ్యాయి. 2017లో రాహుల్ బోస్ ఆమె కథను సినిమాగా తీశారు.

మా మందమర్రిలో ఈ కథ చెబితే ఒక మాట వెంటనే వస్తుంది. అంత చిన్నపిల్లను అంత ప్రమాదంలోకి పంపడం న్యాయమా అని. బొగ్గుబాయి మీద బతికిన ఊరికి ఆ ప్రశ్న అడిగే హక్కు ఉంది. జవాబు కూడా ఈ ఊరికే బాగా తెలుసు. కొత్తగా ఉద్యోగం వచ్చిన కార్మికుణ్ణి ఏకంగా బాయిలోకి దింపరు. ముందు గనుల వృత్తి శిక్షణ కేంద్రం, ఎంవీటీసీలో శిక్షణ ఇస్తారు. పైకప్పు ఎట్లా చూడాలి, గ్యాసు సంగతి ఎట్లా తెలుసుకోవాలి, ఎప్పుడు వెనక్కి రావాలి, అన్నీ నేర్పాకే ఫస్ట్ షిఫ్టు మస్టరు. గురుకులం చేసింది అదే. భువనగిరి, డార్జిలింగ్, లద్దాఖ్, ఆ తర్వాతే ఎవరెస్టు. ఒక్కో మెట్టు దగ్గర ఆపి చూసి, తట్టుకోగలవాళ్లనే ముందుకు పంపారు. ప్రమాదం మిగిలే ఉంది, కాదనను. కానీ ఆ పిల్లలు దానికి సిద్ధమై వెళ్లారు.

అందరూ ఎవరెస్టు ఎక్కనక్కర్లేదు. మందమర్రి, రామకృష్ణాపూర్, బెల్లంపల్లి బడుల్లోని పిల్లలకు కావలసింది అంతకంటే చాలా చిన్న అవకాశం. పక్కనే గాంధారి ఖిల్లా ఉంది. జాతరకు వెళ్లి వచ్చే పిల్లలకు ఆ రాళ్లు పరిచయమే. తాడు పట్టి నేర్పే మనిషి ఒకరు ఏడాదికి కొన్నిరోజులు వచ్చినా చాలు. అది కుదరకపోతే ఆటస్థలం ఉంది, పీఈటీ సారు ఉన్నారు. వ్యాయామం పీరియడు మాత్రం ఉండదు. పదో తరగతి పరీక్షలు దగ్గర పడగానే మొదట పోయేది అదే. లెక్కల క్లాసు దాన్ని మింగేస్తుంది, సైన్సు స్లిప్ టెస్టు మిగిలిన సగాన్ని తింటుంది.

పూర్ణ బడికీ పరీక్షలు ఉన్నాయి. ఆ ఏడాది తలకు మించిన పనులూ ఉన్నాయి. అయినా ఆ బడి పిల్లల్ని రాతిగోడ దగ్గరికి తీసుకెళ్లింది. తీసుకెళ్లకపోతే పూర్ణలో ఏముందో పూర్ణకే తెలిసేది కాదు. జూన్‌లో కొత్త టైంటేబుల్ వేయడానికి కూర్చునే ప్రతి ప్రధానోపాధ్యాయుణ్ణీ, ప్రతి ప్రిన్సిపాల్ మేడంనీ అడిగేది ఒకటే. ఆ వ్యాయామం పీరియడును మార్చి దాకా ఎవరికీ ఇవ్వకండి. పిల్లలు దాంట్లో ఏం సాధిస్తారో మనం ముందుగా చెప్పలేం, అందుకే అది వాళ్లకు కావాలి.