బుల్లెట్టు మీద మమకారం ఎక్కడ పుట్టింది

మంచి బండి కాబట్టే బుల్లెట్టును జనం నెత్తిన పెట్టుకున్నారని చాలామంది అంటారు. చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు. పాత బుల్లెట్టు 346 సీసీ ఇంజను ఇచ్చేది దాదాపు 18 హార్స్‌పవరే. ఆయిలు కారడం దానికి మామూలు, బ్రేకులు అంతంతమాత్రం. 1950ల తొలినాళ్లలో మన సైన్యం ఆ బండ్లు తెప్పించుకుంది. 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్లు వాటిని తయారుచేసే ఇంగ్లండు కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మద్రాసు దగ్గరి తిరువొత్తియూరులో మొదట విడిభాగాలు తెచ్చి బిగించేవారు, తర్వాత అన్నీ ఇక్కడే చేయడం మొదలైంది. ఇంగ్లండులోని మాతృసంస్థ 1970కల్లా మూతపడింది. మద్రాసులో మాత్రం అదే డిజైను పెద్దగా మార్పు లేకుండా సాగింది. చివరికి 1977లో ఇక్కడి బుల్లెట్టునే ఇంగ్లండుకు ఎగుమతి చేశారు. బండి గొప్పతనం కన్నా, అది ఇన్నేళ్లు మారకపోవడంలోనే ఆ మమకారానికి మూలం ఉందని నా అభిప్రాయం.

ఆ బండి స్టార్ట్ చేయడమే ఒక విద్య. తాళం తిప్పి, హెడ్‌లైటు దగ్గరి ఆంపియర్ మీటరు మీద కన్నేసి, కిక్కును మెల్లగా తొక్కాలి. ముల్లు పక్కకు వాలి మళ్లీ మధ్యకు వచ్చిన చోట ఆగాలి. సిలిండరులో ఒత్తిడి తగ్గించే డీకంప్రెషన్ లివరు పట్టుకుని కిక్కును ఇంకాస్త దించి, లివరు వదిలి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు ఒక్క నిండు తొక్కుడు. తొందరపడితే కిక్కు ఎదురుతన్నేది, కాలి పిక్క పగిలినంత పనయ్యేది. దానికి తోడు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. కొత్తవాడికి బండి ఇస్తే వీధి మలుపు కూడా దాటలేడు. డిజైను మారలేదు కాబట్టి తండ్రి నేర్చిన ఈ పని కొడుక్కీ పనికొచ్చింది, 1960ల నాటి బండికి 1990లలో సామాను దొరికింది, షెడ్డులో మేస్త్రి దగ్గర పని నేర్చిన కుర్రాడికి జీవితాంతం అదే ఇంజను అన్నం పెట్టింది. వస్తువుతో అనుబంధం ఇలా పెరిగిందంటే నమ్మవచ్చు.

లైసెన్సు రాజ్యంలో వేరే దిక్కులేక కొన్నారు, తర్వాత దానికే ప్రేమ అని పేరు పెట్టుకున్నారు అనేవాళ్లున్నారు. సగం నిజమే. కానీ దిక్కులేకపోవడం కొనడానికి కారణమవుతుంది గాని, అట్టేపెట్టుకోవడానికి కాదు. జావా, రాజ్‌దూత్ అప్పుడూ ఉన్నాయి. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక మైలేజీ, సుఖం కోరినవాడికి దారి తెరుచుకుంది కూడా. అయినా బుల్లెట్టుగలవాళ్లు దాన్ని వదల్లేదు. కొత్తగా కొనేవాళ్లు మాత్రం తగ్గారు: కంపెనీ 1994లో ఐషర్ చేతికి వెళ్లింది, 2000 నాటికి అమ్మకాలు నెలకు 2,000 దరిదాపుల్లోనే ఉన్నాయి. ఆ ప్రేమ కంపెనీకి అన్నం పెట్టలేదన్నమాట. అంగడి పుట్టించిన మోజే అయితే అమ్మకాల్లో కనిపించేది కదా!

గట్టి అభ్యంతరం మరొకటి ఉంది. సెల్ఫ్ స్టార్టు, ఎడమవైపు గేరు, ఆయిలు కారని కొత్త ఇంజను వరుసగా వచ్చాకే ఈ కంపెనీ దశ తిరిగింది, 2017-18లో అమ్మకాలు ఏడాదికి 8 లక్షలు దాటాయి. ఇబ్బందిలోంచే ప్రేమ పుడితే, ఇబ్బంది పోయాక జనం ఎందుకు ఎగబడ్డారు? కొత్తగా వచ్చినవాళ్లు కొన్నది పాతవాళ్లు సంపాదించిపెట్టిన పేరును. ట్యాంకు ఆకారం, మోత మిగిల్చి కష్టాన్ని తీసేశారు. ఇది మోసమని నేననను, కాలు విరక్కుండా ప్రయాణం చేయాలనుకోవడం తప్పు కాదు. కానీ 2021లో తెలుగు పెళ్లిళ్లను ఊపేసిన ‘బుల్లెట్టు బండి’ పాట వినండి. ఆ పాటలో వినిపించేది బండి డుగుడుగే. అది కిక్కు కొడితే లేచిందో, బటను నొక్కితే లేచిందో అడిగినవాళ్లు లేరు.