నిద్రకు కూడా ఒక చరిత్ర ఉంది

చరిత్ర అనగానే మనకు రాజులు, కోటలు, యుద్ధాలు గుర్తుకొస్తాయి. కానీ మామూలు మనిషి రోజుకు ఎన్ని గంటలు పండుకున్నాడు, అతన్ని ఎవరు పండుకోనిచ్చారు అన్నది కూడా చరిత్రే అని నేను అనుకుంటున్నాను.

గడియారాలు రాకముందు మన పెద్దలు రాత్రిని జాములుగా లెక్కపెట్టేవాళ్ళు. జాము అంటే 3 గంటలు. చుక్కను చూసి, కోడి కూత విని లేచేవాళ్ళు. ఆ కాలంలో అందరూ హాయిగా నిద్రపోయారని అంటాం గానీ, అది పూర్తి నిజం కాదు. పంట చేతికొచ్చే రోజుల్లో అడవి పందులు రాకుండా రాత్రంతా మంచె మీద కావలి ఉండాల్సిందే. టాంజానియా, నమీబియా, బొలీవియాల్లో కరెంటు లేకుండా బతికే మూడు తెగల నిద్రను శాస్త్రవేత్తలు కొలిచి 2015లో ఫలితాలు ప్రకటించారు. వాళ్ళు కూడా సుమారు 6 నుండి 7 గంటలే నిద్రపోతున్నారు.

అసలు కష్టం మిల్లులతో మొదలైంది. 19వ శతాబ్దంలో బొంబాయి బట్టల మిల్లుల్లో కార్మికులు పొద్దు పొడిచినప్పటి నుండి పొద్దు గూకే దాకా పని చేసేవాళ్ళు. రోజుకు 14 గంటలు పని అయితే మిగిలేది 10 గంటలు. అందులోనే నడక, వంట, తిండి, పిల్లలు, నిద్ర! మహాత్మా ఫూలే అనుచరుడు నారాయణ మేఘాజీ లోఖండే 1884లో బొంబాయిలో మిల్లు కార్మికుల సంఘం పెట్టారు. వాళ్ళ పోరాటం వల్ల 1890లో ఆదివారం సెలవు వచ్చింది.

పని గంటలు తగ్గడానికి ఇంకా చాలా ఏండ్లు పట్టింది. 1911 చట్టం బట్టల మిల్లుల్లో మగవాళ్ళకు రోజుకు 12 గంటల హద్దు పెట్టింది. 1922లో అది 11 గంటలు, 1934లో 10 గంటలు, 1948లో 9 గంటలు అయింది. వారానికి 48 గంటలు దాటకూడదని కూడా 1948 చట్టం చెప్పింది. గోదావరి దాటితే భూపాలపల్లిలో సింగరేణి గనులున్నాయి. భూమి లోపల రోజుకు 8 గంటలకు మించి పని చేయించకూడదని 1952 గనుల చట్టం చెప్పింది. కానీ రాత్రి షిఫ్టు చేసి వచ్చినాయన పగలు పండుకోవాలి. ఎండ, చప్పుడు మధ్య ఆ నిద్ర రాత్రి నిద్రంత గట్టిగా ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో జీవితం ఎంత బాగుందో కొలవడానికి 26 ప్రశ్నల పట్టిక తయారు చేసింది. అందులో ఒక ప్రశ్న, మీ నిద్రతో మీరు తృప్తిగా ఉన్నారా అని. పెద్దవాళ్ళకు కనీసం 7 గంటల నిద్ర కావాలని 2015లో అమెరికా నిద్ర వైద్యుల సంఘం చెప్పింది. తక్కువ నిద్రతో కోపం, మతిమరుపు, బీపీ, షుగర్ పెరుగుతాయి. 9 గంటలు దాటి పండుకునేవాళ్ళలో కూడా ఆరోగ్యం బాగాలేనివాళ్ళు ఎక్కువే. అయితే రోగం ఉండటం వల్లనే ఎక్కువ నిద్ర రావచ్చు కూడా.

2012లో సుప్రీంకోర్టు రామ్‌లీలా మైదానం కేసులో నిద్ర మనిషి ప్రాథమిక హక్కు అని చెప్పింది. మరి ఆ హక్కు మా సిరొంచ వైపు అందరికీ అందిందా? ఇప్పపువ్వు ఏరేవాళ్ళు చీకటితోనే లేస్తారు. ఎండకాలంలో తునికాకు కోసేవాళ్ళు తెల్లారకముందే అడవికి పోయి, ఆకు కట్టలు కట్టి, కల్లానికి చేర్చి వస్తారు. వాళ్ళకు షిఫ్టు లేదు, సైరన్ లేదు. ఇంట్లో అందరికంటే ముందు లేచి, అందరికంటే వెనుక పండుకునే అమ్మకు ఏ చట్టమూ గంటలు రాయలేదు.

మిల్లు కార్మికుల నిద్ర కోసం లోఖండే లాంటివాళ్ళు పోరాడారు. అమ్మ నిద్ర కోసం పోరాటం అక్కరలేదు. రాత్రి గిన్నెలు మనం కడిగి, పొద్దున నీళ్ళు మనం పట్టి తెస్తే ఆమెకు ఒక గంట మిగులుతుంది. ఆ పని మన ఇంట్లో ఈ రోజే మొదలుపెట్టవచ్చు.