అద్దె ఇంటి అమ్మకంలో గృహోపకరణాలపై పన్ను - అమెరికా

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అద్దెకిచ్చిన ఇంటిని అందులోని ఫ్రిజ్, పొయ్యి, బట్టలు ఉతికే యంత్రం, తివాచీలు, మంచాలు, సోఫాలతో సహా అమ్మినపుడు ఫెడరల్ ఆదాయపు పన్ను చట్టం దానిని ఒకే వస్తువు అమ్మకంగా పరిగణించదు. స్థలం, కట్టడం, సామాను అనే మూడు ఆస్తులను ఒకేసారి అమ్మినట్లుగా చూస్తుంది. ఒప్పందంలో ధర ఒక్కటే ఉన్నప్పటికీ పన్ను లెక్కలో దానిని ఈ మూడింటికీ పంచాలి. సామానుపై వచ్చే లాభానికి వర్తించే నియమం కట్టడానికి వర్తించే నియమం కంటే కఠినమైనది. రాష్ట్రాలు విధించే పన్నులు వేరుగా ఉంటాయి.

సామాను, కట్టడం మధ్య తేడా

గోడలు, పైకప్పు, నీటి గొట్టాలతో పాటు ఇల్లంతటికీ పనిచేసే సెంట్రల్ ఎయిర్ కండిషనర్, వాటర్ హీటర్ కూడా కట్టడంలో భాగాలే. నివాసానికి అద్దెకిచ్చే కట్టడం ఖర్చును 27.5 సంవత్సరాలలో సమాన వాయిదాలుగా తరుగుదల కింద తీసివేస్తారు. స్థలానికి తరుగుదల లేదు. ఫ్రిజ్, పొయ్యి, తివాచీ, ఫర్నిచర్ మాత్రం 5 సంవత్సరాల తరగతికి చెందుతాయి. ఈ పద్ధతి 1986 నాటి పన్ను సంస్కరణల చట్టంతో వచ్చింది. ఏదైనా వస్తువు ఏ కోవకు చెందుతుందో తేలనపుడు, అమెరికా పన్ను న్యాయస్థానం 1975లో వైట్‌కో ఇండస్ట్రీస్ కేసులో వేసిన ప్రశ్నలే నేటికీ ఆధారం: దానిని కదల్చవచ్చునా, శాశ్వతంగా ఉండేలా అమర్చారా, తీసివేస్తే ఎంత నష్టం కలుగుతుంది మొదలైనవి.

లాభంపై పన్ను

తరుగుదల ప్రతి ఏడూ అద్దె ఆదాయాన్ని తగ్గిస్తుంది, అంటే మామూలు రేటున పన్ను ఆదా అవుతుంది. అమ్మినపుడు తిరిగి వచ్చిన ఆ సొమ్ముకు మూలధన లాభాలకుండే తక్కువ రేటు వర్తిస్తే యజమానికి రెండు విధాలా మేలు జరుగుతుంది. దీనిని అరికట్టడానికే 1962లో 1245వ సెక్షన్ చేర్చారు. దీని ప్రకారం సామానుపై వచ్చిన లాభం, అంతవరకు తీసుకున్న తరుగుదల మేరకు, మామూలు ఆదాయం అవుతుంది. ఈ ఆదాయంపై గరిష్ఠ రేటు 37 శాతం. కట్టడంపై నేరుగా తీసుకున్న తరుగుదలకు ఈ రేటు 25 శాతం దాటదు. అసలు కొన్న ధర కంటే ఎక్కువకు పాత ఫ్రిజ్ అమ్ముడుపోవడం జరగని పని కనుక, ఆచరణలో సామానుపై లాభమంతా మామూలు ఆదాయమే.

ఉదాహరణకు 2023లో 10,000 డాలర్లకు సామాను కొని, మొదటి ఏటి అదనపు తరుగుదల వద్దనుకున్న యజమాని 2025లో ఇల్లు అమ్మాడనుకుందాం. సాధారణ పట్టిక ప్రకారం తరుగుదల మొదటి ఏడు 2,000, రెండవ ఏడు 3,200, అమ్మిన ఏడు సగమే కనుక 960 డాలర్లు. మొత్తం 6,160 పోగా మిగిలిన ఖాతా విలువ 3,840 డాలర్లు. సామాను వాటాకు 5,000 డాలర్లు వస్తే లాభం 1,160. అది మామూలు ఆదాయం. 3,000 మాత్రమే వస్తే 840 నష్టం, దీనిని మామూలు నష్టంగా చూపవచ్చు. మొదటి ఏడే ఖర్చంతా తీసివేసిన వస్తువుకు ఖాతా విలువ సున్నా. అందుచేత దాని అమ్మకంలో వచ్చిన ప్రతి డాలరూ ఆదాయమే. 2,500 డాలర్ల లోపు వస్తువులను తరుగుదల లేకుండా నేరుగా ఖర్చు రాసుకునే వెసులుబాటు వాడుకున్నవారి పరిస్థితి కూడా ఇంతే.

తీసుకోని తరుగుదల

ఎక్కువమంది చిన్న యజమానులు నష్టపోయేది ఇక్కడ. చట్టం తీసుకున్న తరుగుదలనే కాక, తీసుకోవలసి ఉండి తీసుకోని తరుగుదలను కూడా ఖాతా విలువ నుండి తగ్గిస్తుంది. ఇల్లు కొన్ననాడు సామానును విడదీయనివారు, లేదా తరుగుదల సంగతే మరచినవారు, పొందని ప్రయోజనానికి పన్ను కట్టవలసి వస్తుంది. రెండు లేదా అంతకు మించిన సంవత్సరాలు ఇలా జరిగితే 3115 నంబరు ఫారం ద్వారా లెక్క సవరించుకోవచ్చు. అమ్మిన సంవత్సరంలో సైతం ఇది సాధ్యమే. తన ఇంట్లో వాడిన సోఫాను అద్దె ఇంటికి తరలించిన సందర్భంలో, కొన్న ధర, తరలించిన నాటి మార్కెట్ ధరలలో తక్కువైనది లెక్కకు వస్తుంది.

ధర పంపకం

మొత్తం ధరను ఆయా ఆస్తుల మార్కెట్ విలువలను బట్టి పంచాలి. సామానుకు తక్కువ విలువ కట్టడం అమ్మేవారికి లాభం. కొనేవారు కూడా ఇంటిని అద్దెకిచ్చేవారైతే ఎక్కువ విలువ కోరుకుంటారు. 2025 జనవరి 19 తరువాత సంపాదించిన అర్హమైన సామాను ఖర్చంతా, అది పాతదైనా సరే, మొదటి ఏడే తీసివేసుకునే వీలును 2025 జూలై చట్టం కల్పించడమే ఇందుకు కారణం. ఇలా ఎదురెదురు ప్రయోజనాలున్న ఇద్దరు లిఖితపూర్వకంగా ఒప్పుకున్న ధరకు బలం ఉంటుంది. కొనేవారు స్వయంగా కాపురముంటే ఈ పోటీ ఉండదు. "సామానుకు విలువ లేదు" అనే వాక్యం పదేళ్ళ పొయ్యి విషయంలో చెల్లుతుందేమో కాని, కొత్త ఫర్నిచర్‌తో నింపిన విడిది ఇంటికి నిలబడదు. కొత్త వస్తువు ధర కాక, అదే స్థితిలోని పాత వస్తువు మార్కెట్లో పలికే ధరే ప్రమాణం. ఈ లెక్కలను 4797 నంబరు ఫారంలో చూపుతారు.

ఇతర నియమాలు

ఒక అద్దె ఇంటికి బదులు మరొకటి తీసుకుని పన్నును వాయిదా వేసే 1031వ సెక్షన్ సౌకర్యం 2018 నుండి స్థిరాస్తికే పరిమితమైంది. అందువలన సామాను వాటాపై లాభానికి అప్పుడే పన్ను పడుతుంది. ధరను వాయిదాలలో పుచ్చుకున్నా, 1245వ సెక్షన్ కింది ఆదాయాన్ని అమ్మిన ఏడే పూర్తిగా చూపాలి.

అమెరికాలో ఇల్లు ఉంచుకుని హైదరాబాదుకో విజయవాడకో తిరిగి వచ్చినవారు పౌరసత్వం, గ్రీన్ కార్డు లేని ప్రవాసులైతే, అమ్మకపు ధరలో సాధారణంగా 15 శాతం కొనుగోలుదారు ముందే పట్టుకుని ఐ.ఆర్.ఎస్.కు చెల్లిస్తారు. ఇది లాభంపై కాక మొత్తం ధరపై లెక్కించే మొత్తం. తరువాత రిటర్ను దాఖలు చేసి ఎక్కువైనది వెనక్కు తీసుకోవాలి. విచిత్రమేమిటంటే, ఈ నియమానికి ఆధారమైన 1980 నాటి చట్టం ఇంటి వాడకంతో ముడిపడిన ఫర్నిచర్‌ను కూడా స్థిరాస్తి అనే నిర్వచిస్తుంది. తరుగుదల లెక్కలో చరాస్తి అయిన సోఫా ఇక్కడ స్థిరాస్తి అవుతుంది.